ఏ లోపమూ లేని కారు

మా రావికుంట పశువైద్యశాలకు కారు రావడానికి కారణం, పెద్దలెవరో పరాయి దేశంలో జరిగిన ఒక సదస్సుకు వెళ్లి రావడమే. అక్కడి జనం ఒకరు వాడిన వస్తువునే ఇంకొకరు మళ్లీ వాడుకుంటున్నారట. సీసాలు, చొక్కాలు, కుర్చీలు, ఆఖరికి స్నానం చేసిన నీళ్లు కూడా. పెద్దలు ముగ్ధులై తిరిగొచ్చారు. నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. ఇకపై ఏ ప్రభుత్వ కార్యాలయమూ కొత్త వాహనం కొనరాదు. వాడిన చిన్న కారునే కొనాలి. కొన్నాక దాన్ని పాత కారు అనరాదు. 'అనుభవం గల వాహనం' అనాలి.

ఈ ఉత్తర్వు అమలు చూడటానికి జిల్లాకొక పర్యవేక్షణాధికారిని వేశారు. మా జిల్లాకు పరాంకుశం గారు వచ్చారు. బక్కపలచని మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా. ఆయన మాట్లాడితే మనిషి మాట్లాడుతున్నట్టుండదు, ఫైలు తెరిచినట్టుంటుంది. ఆయనే అధ్యక్షుడుగా ఒక కొనుగోలు సంఘం ఏర్పడి, పట్నం వెళ్లి, ఒక బీమా ఏజెంటు దగ్గర్నుంచి ఎర్రటి చిన్న కారు కొని మా ఆస్పత్రికి పంపించింది. 'క్షుణ్ణంగా పరిశీలించితిమి. ఏ లోపమూ లేదు' అని సంఘం రాసిచ్చింది.

నేను ఆ ఆస్పత్రిలో సీనియర్ అసిస్టెంటుని. పేరు జోజిబాబు. మా డాక్టరమ్మ పేరు వకుళ. అంతవరకూ ఆవిడ తన స్కూటరు మీదే ఊళ్లు తిరిగేది. కారొచ్చిన రోజున ఆవిడే బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. డ్రైవర్ కాసింపీరా బిస్మిల్లా అనుకుని గేరు వేశాడు. ఇంజను గట్టిగా అరిచింది. కారు నిమ్మకాయల దాకా వెళ్లి, వాటిని ఎక్కలేక, నెమ్మదిగా వెనక్కి దొర్లి గోడకి ఆనుకుంది.

"క్లచ్ పోయిందమ్మా" అన్నాడు పీరా దిగుతూ. "ఇంజను కూస్తంది గానీ బండి కదలట్లా."

"ఇవాళే గదా వచ్చింది?"

"రావటమే లారీ మీదొచ్చిందమ్మా. నేనప్పుడే అనుకున్నా."

నలుగురం నెట్టుకుంటూ బస్టాండు వెనకున్న దానియేలు షెడ్డుకు తీసుకెళ్లాం. దానియేలు మెకానిక్కుల్లో కాస్త గుండె బలం ఉన్నవాడు, ఎంత పెద్ద ఖర్చయినా తడుముకోకుండా చెప్పగలడు. బానెట్ ఎత్తి, చెవి ఆనించి, కింద దూరి, నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

"క్లచ్ ప్లేటు అరిగి కాయితం అయింది. రేడియేటరు కారతంది. ముందు సస్పెన్షను బుష్షులు లేవు, ఉన్నట్టు శబ్దం మాత్తరం వస్తంది. సెల్ఫు మోటారు ఓ రోజు పలికిద్ది, ఓ రోజు పలకదు. బ్రేకు ప్యాడ్లు గీసుకుంటన్నయి. ఇయి పైకి కనిపించినయి. ఇంజను ఇప్పితే మిగతాయి జెప్తా."

"ఇప్పకుండానే జెప్పింది చాల్లే" అన్నాడు పీరా.

దానియేలు అంచనా రాసిచ్చాడు. కారు కొన్న ధరలో సగం పైచిలుకు ఉంది. డాక్టరమ్మ ఆ కాగితం చూసి, "మిగతా సగం ఇంజను విప్పినప్పుడు చెప్తాడన్నమాట" అంది. నేను మరమ్మతుకు అనుమతి కోరుతూ పర్యవేక్షణాధికారికి రాశాను.

జవాబు రాలేదు. పరాంకుశం గారే వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డాక్టరమ్మ గదిలో కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు.

"సదరు వాహనంలో లోపమున్నట్టు తమరు నివేదించారు. సంతోషం. ఆ లోపం కొనుగోలుకు పూర్వపుదా, అనంతరపుదా?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "క్లచ్ పోయింది సార్" అంది.

"పోవడం గురించి కాదు. ఎప్పుడు పోయింది అన్నదే ప్రశ్న. పూర్వపు లోపమైతే, దాన్ని గమనించకుండా కొన్న సంఘం బాధ్యత వహించాలి. సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. నేను క్షుణ్ణంగా పరిశీలించాను. కనుక పూర్వపు లోపం లేదు. ఉందన్నవారు నా సంతకాన్ని శంకించినట్టు."

"అయితే తర్వాతదే అనుకోండి."

"అనుకుందాం. అనంతరపు లోపమైతే వాడినవారి నిర్లక్ష్యం. మరమ్మతు ఖర్చు డ్రైవరు జీతం నుంచి నెలనెలా మినహాయించుకుంటాం."

గుమ్మం దగ్గర నిలబడ్డ పీరా ముఖం పాలిపోయింది. పెద్దకూతురికి ఆ ఏడే నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. "అయ్యా, నేను దాన్ని గోడ దాకా గూడా తోలలేదు. గోడే దాని దగ్గరికి వొచ్చింది. నాకేం దెలీదయ్యా" అన్నాడు.

డాక్టరమ్మ పీరా వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. "తర్వాత వచ్చింది కాదు సార్" అంది.

"పూర్వపుదా మరి?"

"అదీ కాదు."

"చూశారా" అన్నారు పరాంకుశం గారు ప్రసన్నంగా. "లోపాలు రెండే రకాలు. ఈ రెంటిలోనూ లేనిది లోపం కానేరదు. దాన్ని స్వభావం అంటారు. మనిషికి స్వభావం ఉన్నట్టే అనుభవం గల వాహనానికీ ఉంటుంది. స్వభావానికి మరమ్మతు ఉండదు."

ఆ పూటే ఆయన కారు స్వభావాల్ని నమోదు చేయించారు. నీళ్లు కారడం 'జలత్యాగం' అయింది. పలికీ పలకని సెల్ఫు మోటారు 'మితభాషి'. గుంతలో పడినప్పుడల్లా వచ్చే చప్పుడును 'రహదారి స్థితి హెచ్చరిక' అన్నారు. నెట్టాల్సి రావడం సిబ్బంది వ్యాయామం కిందికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఇంకొక్క మాట చెప్పారు. కార్యాలయానికి వాహనం మంజూరై ఉండగా డాక్టరు సొంత స్కూటరు మీద ఊళ్లకు వెళ్లడం ప్రభుత్వ వాహనాన్ని ధిక్కరించడమే. కనుక స్కూటరు పెట్రోలు భత్యం రద్దు, స్కూటరు మీద వెళ్లి చేసిన వైద్యం చెల్లదు.

"చెల్లకపోతే ఏమవుద్ది సార్?" అని నేనడిగాను.

"ఆ పశువు రికార్డుల్లో జబ్బుగానే ఉంటుంది" అన్నారాయన.

ఆ తర్వాత మా బతుకు కారుతో పాటు నడిచింది. అంటే పెద్దగా నడవలేదు. పొద్దున్నే కాంపౌండరూ నేనూ వెనక నెట్టేవాళ్లం, డాక్టరమ్మ పక్కనుంచి ఒక చెయ్యి వేసేది. పల్లం ఉన్న వైపు ఊళ్లకు వైద్యం బాగా అందేది. మెరక మీదున్న ఊళ్లవాళ్లు గొడ్లను తోలుకుని కాలవ గట్టు దాకా ఎదురొచ్చేవాళ్లు. రెండు మూడు మైళ్లకొకసారి ఆగి రేడియేటరులో నీళ్లు పోయాలి కాబట్టి, పీరాకి మండలంలో ప్రతి బోరింగూ తెలిసిపోయింది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం తూములపాలెం నుంచి సామ్రాజ్యం ఫోను చేసింది. ఆమె ఒంటరి మనిషి. భర్త పోయాక ఒక పాడిగేదె, బండి లాగే ఒక దున్నపోతు, ఇవే ఆమె ఆస్తి. గేదె పాలు అమ్మే ఇద్దరు పిల్లల్నీ చదివించుకుంటోంది.

"అమ్మా, పెళ్లివారింట్లో మిగిలిన అన్నం ఎవరో గాబులో పోశారంట. మా గేదె కడుపు పట్టినంతా తినేసింది. పొట్ట డోలు లాగా వుబ్బింది. పడుకుంటంది, లేస్తంది, కళ్లు తేలేస్తంది. తొందరగా రావాలమ్మా."

డాక్టరమ్మ మందుల పెట్టె అందుకుని స్కూటరు దగ్గరికి నడిచింది. అడుగు వెయ్యబోయి ఆగింది. స్కూటరుకు గాలి లేదు, నెలల తరబడి కదపక రెండు టైర్లూ నేలకి అణిగిపోయి ఉన్నాయి. వెనక్కొచ్చి కారు నెట్టడం మొదలుపెట్టింది. మేమూ చేతులు వేశాం. ఆ రోజు మితభాషి పలికింది.

సగం దారి వరకూ బాగానే వెళ్లాం. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటాక బానెట్ లోంచి ఆవిరి లేచింది. పీరా కాలవలోంచి నీళ్లు తెచ్చి పోశాడు. మళ్లీ కదిలాం. తూములపాలెం వంతెన ఎక్కే చోట కాస్త మెరక. అక్కడ ఇంజను గొంతు చించుకుంది, క్లచ్ కాలిన వాసన వచ్చింది, కారు ఆగింది. ఊరింకా మైలున్నర దూరం ఉంది. డాక్టరమ్మ దిగి, పెట్టె భుజాన వేసుకుని, ఎండలో పరుగులాంటి నడక మొదలుపెట్టింది.

వంతెన దిగేసరికి ఎదురుగా సామ్రాజ్యం వస్తోంది. ఒక చేత్తో దున్నపోతు పగ్గం, ఇంకో చేత్తో మోకు.

"మీ కారు ఇక్కడ ఆగిద్దని తెలుసమ్మా. అందుకే పోతుని పట్టుకొచ్చా" అంది. "వొట్టి మీరొస్తే చాలదు, లోపలున్న సీసాలు, గొట్టాలు అన్నీ కావాల గదా. ఎక్కండి, ఎక్కండి."

కారు దగ్గరికొచ్చి మోకు బంపరుకి కట్టింది. దున్నపోతు తల వంచి ఒక్కసారి బలం పట్టింది. ఇంజను కదిలించలేని కారు కిమ్మనకుండా కదిలింది. పీరా స్టీరింగు పట్టుకుని తల దించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాణ్ణి దున్నపోతు లాక్కుపోతుంటే ఊరంతా చూస్తోంది. ఎవరో "పీరా బాయ్, హారను కొట్టు" అన్నారు. కొట్టాడు. అది ఒక్కటే బాగా పనిచేస్తుంది ఆ కారులో.

గేదె అప్పటికే కాళ్లు బారజాపి పడి ఉంది. డాక్టరమ్మ చీరకొంగు బిగించి, ఎడమ డొక్కలో చోటు చూసుకుని, గొట్టమున్న సూదిని ఒక్క పోటుతో దించింది. గాలి బుస్సుమని వచ్చింది. ఆ కంపుకి చుట్టూ చేరిన జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు. సామ్రాజ్యం మాత్రం గేదె తల ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. చాలాసేపటికి గేదె ఊపిరి సర్దుకుంది. ఇంకా చాలాసేపటికి లేచి నిలబడి, చెవులు ఆడించి, పేడ వేసింది.

"వేసింది" అంది సామ్రాజ్యం. లేచి, డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చింది.

ఆ ప్రయాణం వివరాలు కారు పుస్తకంలో రాయాలి. డాక్టరమ్మ అబద్ధం రాయనంది. 'వంతెన నుంచి తూములపాలెం వరకు, తిరిగి ఆస్పత్రి వరకు, దున్నపోతు లాగినది' అని ఉన్నదున్నట్టు రాయించి పంపించింది. ఇక పీరా ఉద్యోగం ఊడినట్టేనని అందరం అనుకున్నాం. మూడో రోజుకల్లా పరాంకుశం గారు వచ్చారు. వస్తూనే పీరా భుజం తట్టారు.

"ఇంధన వ్యయం?"

"వంతెన దాటినాక సున్నా అండయ్యా."

"మరమ్మతు వ్యయం?"

"అది ఎప్పుడూ సున్నాయే గదండయ్యా."

"గమ్యం చేరారా?"

"చేరాం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రాష్ట్రంలో ఇంతటి పొదుపు ఎవరూ సాధించలేదు. ఇది దున్నపోతు కాదు. దీన్ని బాహ్య చోదక యూనిట్ అనాలి" అన్నారు. సామ్రాజ్యానికి రోజుకూలి మీద దున్నపోతుని ఆస్పత్రి కారుకు శాశ్వతంగా కేటాయిస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు.

మా కారుకు జిల్లా ఉత్తమ వాహనంగా బహుమతి ప్రకటించారు. పెరేడ్ మైదానంలో సభ. అధికారుల కార్లన్నీ అనుభవం గలవే కావడం వల్ల చాలామంది ఆటోల్లో వచ్చారు. మా కారు దున్నపోతు వెనక ఠీవిగా మైదానంలోకి ప్రవేశించింది. వెనక సీట్లో పరాంకుశం గారు ముందే తెప్పించుకున్న షీల్డు ఒళ్లో పెట్టుకుని జనానికి నమస్కారం పెడుతున్నారు. మైదానం మధ్యన కొత్తగా కట్టిన ఫౌంటెను ఉంది. ఎండ మండిపోతోంది. దున్నపోతు ఫౌంటెను చూసింది. తర్వాత వేదిక వైపు చూడలేదు. పీరా బ్రేకు తొక్కాడు, ప్యాడ్లు గీసుకున్నాయి గానీ పట్టుకోలేదు. పొట్టి గోడ దాటి దున్నపోతూ, దాని వెంటే, ముందు చక్రాల దాకా కారూ నీళ్లలోకి దిగాయి. దున్నపోతు హాయిగా కూలబడింది.

వేదిక మీద పెద్దాయన మైకులో, "ఏం జరుగుతోంది?" అని అడిగారు.

పరాంకుశం గారు కిటికీలోంచి తల బయటపెట్టి, తడిసిన చొక్కాతోనే, "వాహనం రేడియేటరులో నీళ్లు తానే నింపుకుంటోంది సార్" అన్నారు.

చప్పట్లు మోగాయి.

తిరుగు ప్రయాణంలో డాక్టరమ్మ ఆయన్ని నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగింది. "యూనిట్‌కి జబ్బు చేస్తే ఎలా సార్? మరమ్మతు కుదరదు కదా."

"అది మరమ్మతు కాదు, సర్వీసింగు. సర్వీసింగు పద్దులో నిధులు పుష్కలంగా ఉన్నాయి. ఇంతవరకూ జిల్లాలో ఏ కారూ సర్వీసింగు దాకా బతకలేదు."

మా ఆస్పత్రిలో నట్టల మందు అయిపోయి అప్పటికి ఏడాది దాటింది. టీకాలు అడిగితే ఎప్పుడూ 'వచ్చాక పంపబడును' అని జవాబు.

"ఒక్క యూనిట్ మీద ఆధారపడటం ప్రమాదం కదా సార్. స్పేరు ఉంచుకోవచ్చా?"

"ఉంచుకోవాలి. అది ముందుచూపు."

"ఎన్ని?"

"పరిమితి పేర్కొనలేదు."

"గేదెలు కూడా పనికొస్తాయా?"

"ఉత్తర్వులో లింగ వివక్షకు తావు లేదు" అన్నారు పరాంకుశం గారు కాస్త నొచ్చుకుని.

మర్నాటి నుంచి నాకు ఊపిరాడలేదు. మండలంలోని ఆవులు, గేదెలు, ఎద్దులు, దున్నపోతులు అన్నిటినీ మా కారుకు స్పేరు యూనిట్లుగా రాయడం మొదలుపెట్టాం. స్పేరుకి కూలి ఉండదని తెలిసి కూడా రైతులు సంతోషంగా వేలిముద్రలు వేశారు. నట్టల మందును 'ఇంధన గొట్టాల శుభ్రత' అని రాసి అడిగితే వారంలో వచ్చింది. గిట్టలు కోసి సరిచేయడం చక్రాల అలైన్‌మెంటు. పొదుగువాపు వైద్యం లీకేజీ నివారణ. గాలికుంటు టీకాలను తుప్పు పట్టకుండా వేసే పూత కింద అడిగితే, అడిగినదానికంటే రెండు పెట్టెలు ఎక్కువే పంపారు. గొడ్లకి గొడ్లుగా రాని మందు, యూనిట్లుగా వచ్చింది.

"పాపం గాదా అమ్మా ఇది?" అని కాంపౌండరు ఒకరోజు అడిగాడు.

"గొడ్డుకి టీకా వేశామా లేదా?" అంది డాక్టరమ్మ.

"వేశాం."

"అయితే రాయి. ఇంకా మూడు ఊళ్లున్నాయి."

టీకాలకు ఆవిడ స్కూటరు మీదే వెళ్లేది. స్పేరు యూనిట్ల తనిఖీకి కారు వాడనక్కర్లేదని, కారే ఆ యూనిట్ల కోసం ఎదురుచూస్తుందని నేను రాసిన వాక్యం పై కార్యాలయంలో అందరికీ నచ్చిందట. కారు షెడ్డులో కదలకుండా ఉండేది. పీరా వారానికొకసారి దాన్ని కడిగి, అద్దాలు తుడిచి, హారను ఒకసారి కొట్టి చూసుకునేవాడు. జీతంలో ఎవరూ కోత వెయ్యలేదు. కూతురు నర్సింగు రెండో ఏడుకి వచ్చింది. ఆ వేసవిలో పక్క మండలాల్లో గాలికుంటు విరుచుకుపడింది. మా ఊళ్లలో ఒక్క పశువుకి కూడా నోరు పుండు కాలేదు.

ఏడాది చివర పరాంకుశం గారు యూనిట్ల భౌతిక పరిశీలనకు వచ్చారు. ఊరూరా తిరిగి కొమ్ములు లెక్కపెట్టుకుంటూ తూములపాలెం చేరారు. సామ్రాజ్యం దొడ్లో అడుగుపెట్టి హఠాత్తుగా ఆగిపోయారు. గేదె పక్కన, ఇంకా కాళ్లు సరిగ్గా నిలదొక్కుకోని ఒక దూడ పొదుగు కుమ్ముతోంది.

"ఇదేమిటి?"

"దూడండయ్యా. మొన్న ఈనింది" అంది సామ్రాజ్యం.

"అంటే ఇది కొత్తదా?"

"కొత్తదేనండయ్యా."

ఆయన ముఖంలో నెత్తురు లేదు. జేబురుమాలు తీసి నుదురు ఒత్తుకున్నారు. "డాక్టర్ గారూ, కొత్త యూనిట్. నా జిల్లాలో. ఉత్తర్వులో మొదటి వాక్యమే కొత్తది సంపాదించరాదని. ఇది పైకి తెలిస్తే నా పింఛను మాటేమిటి?"

డాక్టరమ్మకి జాలేసినట్టుంది. దూడ వీపు నిమురుతూ ఆలోచించింది.

"ఇది కొత్తది కాదు సార్" అంది. "దీని తల్లి పది నెలలు కడుపులో పెట్టుకుని వాడింది. వాడిన తర్వాతే మనకిచ్చింది."

పరాంకుశం గారు దూడని చూశారు. తల్లిని చూశారు. రంగు ముఖంలోకి తిరిగి వచ్చింది.

"అంతకుముందు ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"లేదు సార్. తల్లి దగ్గరే."

ఆయన తృప్తిగా తలాడించి, కలం విప్పి, జాబితాలో దూడని చేర్చి, దానికెదురుగా 'సింగిల్ ఓనర్' అని రాసుకున్నారు.